ఆ ఒక్క సీటు ఎక్కడుంది?

"ఫుల్ అండీ."

అంతే. ఇంకో మాట లేదు. కౌంటరు వెనక మనిషి అప్పటికే రెండో ఫోను ఎత్తేశాడు.

2005 అక్టోబరు నెలాఖరు. బెంగళూరు. ఆ నెలంతా ఆకాశానికి చిల్లు పడ్డట్టు కురిసింది. లెక్క 600 మిల్లీమీటర్లు దాటింది. చెరువులు పొంగాయి, సెల్లార్లు మునిగాయి, రోడ్ల పక్క బురద ఇంకా ఆరలేదు. నవంబరు 1 మంగళవారం దీపావళి. కర్ణాటకకు ఆ రోజే రాజ్యోత్సవం కూడా. సోమవారం ఒక్కటి సెలవు పెట్టుకుంటే శని, ఆది, సోమ, మంగళ, నాలుగు రోజులు అమ్మ చేతి వంట. ఈ లెక్క నగరంలో ప్రతి సాఫ్ట్‌వేర్ కుర్రాడికీ వచ్చు. అందుకే ట్రావెల్స్ కౌంటర్ల ముందు ఎక్కడ చూసినా బ్యాగులే.

ఆ బ్యాగుల మధ్య ఫణీంద్ర సామ. పాతికేళ్లవాడు. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో ఇంజనీరు. సొంతూరు నిజామాబాద్ వైపు. ముందు హైదరాబాద్ బస్సు దొరికితే చాలు, మిగతాది తర్వాత చూసుకోవచ్చు.

ఒక ఏజెంటు లేదన్నాడు. పక్కవాడు లేదన్నాడు. ఇంకొకడు చూద్దాం అన్నాడు, ఎవరికో ఫోన్ చేశాడు, ఎంగేజ్ వచ్చింది, మళ్లీ చేశాడు, అవతల ఎవరో ఎత్తి ఆగమన్నారు, ఆగాడు, వెనకనుంచి బస్సుల హారన్లు, క్లీనర్ల కేకలు, డీజిల్ పొగ, ఎవరిదో సూట్‌కేసు మోకాలికి తగిలింది, ఆఖరికి ఫోను పెట్టేసి ఏజెంటు పెదవి విరిచాడు. హైదరాబాద్ బస్సులు ఒక్కొక్కటే కదిలిపోయాయి. ఫణీంద్ర మిగిలిపోయాడు.

పండగ పూట గదికి తిరిగొచ్చిన కుర్రాడికి కోపం రావాలి. వచ్చే ఉంటుంది. కానీ దాని వెనకే ఒక అనుమానం వచ్చి కూర్చుంది. తను అడిగింది కొందరు ఏజెంట్లనే. వాళ్లు ఫోన్ చేసింది వాళ్లకు తెలిసిన కొందరు ఆపరేటర్లకే. మరి ఈ ఊళ్లో ఇంకెన్ని ట్రావెల్స్ ఉన్నాయి? వాటిలో ఏదో ఒక బస్సు, ఏదో ఒక మూల, ఒక్క సీటు ఖాళీగా పెట్టుకుని ఈ రాత్రి హైదరాబాద్ వెళ్లిపోలేదని చెప్పగలిగేది ఎవరు?

ఎవరూ లేరు. అసలు చిక్కంతా అక్కడే ఉంది.

ఆ రోజుల్లో ప్రైవేటు బస్సు అంటే ఒక కాగితం. దాన్నే చార్టు అనేవారు. గళ్లు గీసి, నంబర్లు వేసి, ఒక్కో గడిలో ఒక్కో పేరు బాల్‌పాయింట్ పెన్నుతో రాసిన చార్టు. అది ఆపరేటర్ ఆఫీసులో ఒక్క బల్ల మీదే ఉంటుంది. ఊరంతా ఉన్న ఏజెంట్లు ఆ బల్లకే ఫోన్ చేయాలి. పన్నెండో నంబరు కిటికీ సీటు ఉందా అని ఒకడు అడిగే లోపల ఇంకొకడు లైన్లోకొస్తాడు. బల్ల దగ్గర కూర్చున్నతను గీస్తాడు, కొట్టేస్తాడు, మళ్లీ రాస్తాడు. పండగ రోజుల్లో రేటు ఎంతన్నది ఆ క్షణాన ఏజెంటు నోటికి వచ్చిన అంకె. అడిగేవాడి మొహంలో ఆత్రం ఎంత కనిపిస్తే అంత.

వైజాగ్ వాళ్లకు ఇది చెప్పాల్సిన పని లేదు. ఆ కాలంలో హైదరాబాద్ అమీర్‌పేట హాస్టళ్లలో కోర్సులు చేసిన గాజువాక, ఉక్కునగరం పిల్లల్ని అడగండి. సంక్రాంతికి పది రోజుల ముందే రైళ్లలో వెయిటింగ్ లిస్టు చేంతాడంత. మిగిలింది ట్రావెల్స్. కౌంటరు ముందు గంటలు నిలబడి ఊరికి టికెట్ సంపాదిస్తే సగం యుద్ధం గెలిచినట్టు. మిగతా సగం తిరుగు ప్రయాణం. ఆ టికెట్ హైదరాబాద్‌లో ఇవ్వరు. విశాఖ చార్టు విశాఖ బల్ల మీదే కదా! అందుకని ఎస్టీడీ బూత్ నుంచి ఇంటికి ఫోను. "నాన్నా, పదిహేడో తారీఖు రాత్రికి చూడవా." ఉక్కు ప్లాంటులో రాత్రి సీ షిఫ్టు దిగి, కళ్లు మండుతుంటే, ఆ నాన్న స్కూటరు తీసుకుని కూర్మన్నపాలెం నుంచి ఊళ్లోకి వచ్చేవాడు. ఆర్టీసీ కాంప్లెక్స్ చుట్టుపక్కల ట్రావెల్స్ ఆఫీసులు ఒక్కొక్కటే ఎక్కి దిగేవాడు. ఆ తిరుగుడుకి చొక్కా వీపుకి అతుక్కుపోయేది. బల్ల వెనకతను చార్టు మీద చెయ్యి అడ్డం పెట్టుకునే చెప్పేవాడు, ఆఖరి వరసలో ఒక్కటుంది, రేటు మాత్రం ఇదీ అని.

ఆ చెయ్యి తీస్తే కింద ఇంకెన్ని గళ్లు ఖాళీగా ఉన్నాయో నాన్నకు ఎప్పటికీ తెలిసేది కాదు.

బెంగళూరులో ఫణీంద్ర ఆ చెయ్యి తీయాలనుకున్నాడు.

ఒంటరిగా కాదు. రాజస్థాన్‌లోని పిలానీ బిట్స్‌లో కలిసి చదివిన స్నేహితులు, అంతా ఏడుగురు. వాళ్లలో చరణ్ పద్మరాజు, సుధాకర్ పసుపునూరి ఉన్నారు. ఒకరు ఐబీఎంలో, ఇంకొకరు హనీవెల్‌లో. ఫణీంద్రతో కలిపి ముగ్గురూ తెలుగువాళ్లే. ఆలోచన చెప్పగానే అందరికీ నచ్చింది. ఒక వెబ్‌సైటు. అందులో బస్సులన్నీ, సీట్లన్నీ. ఆపరేటర్ తన చార్టును కంప్యూటర్లో పెడతాడు, ఏజెంటు తన కంప్యూటర్లో చూస్తాడు, ప్రయాణికుడు ఇంట్లో కూర్చుని చూస్తాడు. చేసి, ఊరికే ఇచ్చేసి, మళ్లీ ఎవరి ఉద్యోగాలకు వాళ్లు పోదామన్నంత సులువుగా అనుకున్నారు.

ఒక్కటే ఇబ్బంది. వాళ్లెవరికీ వెబ్‌సైటు చేయడం రాదు.

ఎలక్ట్రానిక్స్ వైపు చదువులు. చిప్పులు తెలుసు, సర్క్యూట్లు తెలుసు. సైటు వెనక డేటాబేసు ఎలా కట్టాలో తెలియదు. పుస్తకాలు తెచ్చుకున్నారు. పగలు ఆఫీసు, రాత్రిళ్లు, శని ఆదివారాలు ఇది. అద్దె ఇంట్లో ట్యూబులైటు కింద ఒకడు చదివి ఇంకొకడికి చెప్పడం, రాసింది పనిచేయకపోవడం, మళ్లీ మొదట్నుంచి రాయడం. ఒక సీటు ఇద్దరు ఒకేసారి నొక్కితే ఎవరికి ఇవ్వాలి? నొక్కి డబ్బు కట్టకుండా పోతే ఎంతసేపు అట్టే పెట్టాలి? బల్ల వెనక కూర్చున్న గుమాస్తా కళ్లతో చేసే పని యంత్రానికి నేర్పాలంటే నెలలు పట్టింది. 2006 వచ్చేసింది. తెర మీద గళ్లు కనిపించాయి. నొక్కితే రంగు మారింది.

కాకి పిల్ల కాకికి ముద్దు. వాళ్లకది ముద్దుగానే కనిపించి ఉంటుంది. గదిలో ఉన్నవాళ్లు బాగుందనే అంటారు. గది బయట ఉన్నవాళ్లేమంటారు?

ఆపరేటర్ల ఆఫీసులకు బయల్దేరారు. ఉచితంగా ఇస్తామన్నారు. ఒక్క పైసా వద్దన్నారు.

ఒక్కరూ తీసుకోలేదు.

సైటు బాగాలేదని ఎవరూ అనలేదు. అంటే సరిచేసుకునేవారే. అసలు చూడలేదు. ఒక ప్రైవేటు బస్సు ఆఫీసును మనసులో గీసుకోండి. పన్నెండు అడుగుల గది, గోడ మీద వెంకటేశ్వరస్వామి పటం, దాని కింద అగరుబత్తి, మూడు ఫోన్లు, ఒక టేబుల్ ఫ్యాను. ఆ ఫ్యాను గాలికి ఎగరకుండా చార్టు మీద గాజు పేపర్‌వెయిట్. గుమ్మంలో ఇస్త్రీ చొక్కాలతో ముగ్గురు ఇంజనీర్లు. లోపల యజమాని. ఆయన ఆ వ్యాపారాన్ని ఒక్క బస్సుతో మొదలుపెట్టి, డ్రైవర్ రాకపోతే తనే స్టీరింగ్ పట్టి పెంచినవాడు. ఆయన చార్టు ఆయన చేతిలో ఉంది. పెన్ను పనిచేస్తోంది. కరెంటు పోయినా పనిచేస్తుంది. కంప్యూటరు కొనాలి, దానికో మనిషిని పెట్టాలి, ఇన్నాళ్లూ సీట్లు అమ్మిపెట్టిన ఏజెంట్లకు కోపం తెప్పించాలి. ఎందుకు? ఊళ్లో ఎవరో కుర్రాడికి దీపావళికి సీటు దొరకలేదనా? దీపావళికి ఆయన బస్సు నిండింది కదా!

ఆలోచిస్తే ఆయనదే న్యాయం. నెలల తరబడి రాత్రిళ్లు మేలుకుని కట్టిన సైటు మీద ఆ ముగ్గురికి అందిన మొదటి నిజమైన అభిప్రాయం ఇదే. ఆయన కన్నెత్తి చూడకపోవడం. బటన్ ఏ రంగులో ఉండాలో, అక్షరాలు ఎంత పెద్దవో తేల్చుకుంటూ కూర్చున్నవాళ్లకు, ఇది ఎవరి కష్టం తీర్చడానికి చేశారన్న ప్రశ్న అప్పుడు ఎదురొచ్చింది. కష్టం ప్రయాణికుడిది. సైటు మాత్రం ఆపరేటర్ చేతిలో పెట్టబోయారు.

తలుపులన్నీ తట్టారు. ఇంకొక్క తలుపు మిగిలింది.

టై అని ఒక సంస్థ. పూర్తి పేరు ది ఇండస్ ఆంత్రప్రెన్యూర్స్. 1992లో అమెరికా సిలికాన్ వ్యాలీలో మొదలైంది. వ్యాపారంలో చెయ్యి తిరిగినవాళ్లు కొత్తవాళ్లకు దారి చెప్పే చోటు. బెంగళూరు శాఖ కొత్త కంపెనీలకు సలహాదారులను జతచేసే కార్యక్రమం ఒకటి నడుపుతోంది. ఫణీంద్ర వాళ్లు దరఖాస్తు పెట్టుకున్నారు. ఎంపికయ్యారు. ఇప్పుడు బల్లకు అవతల పెన్ను పట్టుకున్న యజమాని లేడు. పెట్టుబడులు పెట్టి, కంపెనీలు నడిపి జుట్టు నెరిసిన సంజయ్ ఆనందరామ్ లాంటివాళ్లు ఉన్నారు.

ఇలాంటి బల్లల దగ్గర కోడ్ గురించి ఎవరూ అడగరు. అడిగేవి వేరు. ఈ వ్యాపారం ఎంత పెద్దది? డబ్బు ఎవరి జేబులోంచి ఎవరి జేబులోకి వెళ్తుంది? మీ వల్ల ఎవరికి ఎంత మిగులుతుంది? చేతికి అందే పుస్తకంలో జవాబులు లేవు. మళ్లీ రోడ్డెక్కడమే. బస్సులు లెక్కపెట్టడం, ఆపరేటర్లను కలవడం, ఏజెంట్లతో టీ తాగడం, ప్రయాణికుల్ని ఆపి అడగడం. చిప్ డిజైన్ వదిలేసి మడివాళ, కలాసిపాళ్యం బస్సు అడ్డాల్లో దుమ్ము తినడం.

ఆ దుమ్ములోనే సైటు తలకిందులైంది.

సాఫ్ట్‌వేర్ ఇస్తామంటే ఆపరేటర్‌కు అర్థం కాదు. సీటు అమ్మిపెడతామంటే? తెల్లారే సరికి ఆ సీటు ఖాళీగా హైదరాబాద్ చేరితే ఆ డబ్బు మళ్లీ రాదని ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేదు. బస్సు కదిలిన మరుక్షణం ఖాళీ సీటు కుళ్లిపోయిన టమాటాతో సమానం. కమిషన్ అంటే ఆయనకు పుట్టినప్పట్నుంచీ తెలిసిన భాష. కాబట్టి కంప్యూటరు కొనమని అడగొద్దు. మాకు కొన్ని సీట్లు ఇవ్వండి, అమ్మితే డబ్బు, అమ్మకపోతే మీ సీటు మీకే. అంతే అడగాలి. సైటు ఆపరేటర్ వైపు నుంచి ప్రయాణికుడి వైపుకు తిరిగింది.

కానీ ఇది శని ఆదివారాల పని కాదిక. ఎవరైనా ఉద్యోగం వదలాలి.

ఏడుగురిలో నలుగురు ఆగిపోయారు. తప్పేం లేదు. అప్పట్లో ఐబీఎం, టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ ఉద్యోగమంటే ఊళ్లో తల్లిదండ్రులు పెళ్లి సంబంధాల దగ్గర గుండె మీద చెయ్యేసుకుని చెప్పుకునే మాట. దాన్ని వదిలి బస్సు టికెట్లు అమ్ముతానంటే ఏ ఇంట్లో ఊరుకుంటారు? ఫణీంద్ర, చరణ్, సుధాకర్ వదిలేశారు. దాచుకున్నదంతా పోగేస్తే 5 లక్షల రూపాయలు. చదివిన ఊరి పేరుతో పిలానీ సాఫ్ట్ ల్యాబ్స్ అని కంపెనీ పెట్టారు. సైటుకు రెడ్‌బస్ అని పేరు.

ఇప్పుడీ పేరు చదువుతున్నవాళ్లలో చాలామంది ఫోన్లోనే అది ఉంది. 2007లో సీడ్‌ఫండ్ అనే సంస్థ పెట్టుబడి పెట్టింది. 2013 జూన్‌లో ఐబిబో గ్రూపు మొత్తం కంపెనీని కొనేసింది, పత్రికలు వందల కోట్ల లెక్కలు రాశాయి. ఫణీంద్ర 2018లో తెలంగాణ ప్రభుత్వానికి చీఫ్ ఇన్నోవేషన్ ఆఫీసరయ్యాడు. సాఫ్ట్‌వేర్ ఉచితంగా ఇచ్చినా వద్దన్న ఆ రంగానికే తర్వాత రెడ్‌బస్ 'బాస్' అనే పేరుతో సాఫ్ట్‌వేర్ ఇచ్చింది, ఆపరేటర్లు తీసుకున్నారు కూడా. వైజాగ్‌లో గాజువాక, ఎన్‌ఏడీ, మద్దిలపాలెం ఇవాళ తెర మీద బోర్డింగ్ పాయింట్లు. సీ షిఫ్టు నాన్నలకు స్కూటరు తీయాల్సిన పని తప్పింది.

2006 ఆగస్టులో మాత్రం ఇదేదీ లేదు. ఉన్నదల్లా ఒక సైటు, తరిగిపోతున్న 5 లక్షలు, ఎట్టకేలకు సరేనన్న ఆపరేటర్ ఇచ్చిన కొన్ని సీట్లు.

సైటు తెరిచారు. ఎదురుచూశారు.

తెరిచినంత మాత్రాన ఎవరొస్తారు? ఇంటర్నెట్లో రైలు టికెట్ కొనడమే అప్పటికి నాలుగేళ్ల ముచ్చట. ఐఆర్‌సీటీసీ 2002లో మొదలుపెట్టింది. బస్సు టికెట్ ఇంటర్నెట్లో కొనాలన్న ఆలోచనే చాలామందికి లేదు. కార్డు నంబరు కొట్టాలంటే చెయ్యి వణికే కాలం. అందుకే చిన్న చిన్న కార్డులు అచ్చు వేయించారు, ఐటీ కంపెనీల దగ్గర నిలబడి పంచారు. నిన్నటిదాకా మెళ్లో ట్యాగు వేసుకుని అలాంటి గేట్లలోంచే లోపలికి వెళ్లినవాళ్లు ఇప్పుడు బయట నిలబడ్డారు. ఆగస్టు మబ్బు, సన్న తుంపర, చేతిలో కార్డుల కట్ట. కొందరు తీసుకున్నారు. కొందరు చూడకుండా వెళ్లిపోయారు. తీసుకున్నవాటిలో ఎన్ని కార్డులు చెత్తబుట్ట దాటాయో ఎవరికి తెలుసు?

ఒక రోజు గడిచింది. ఏమీ లేదు.

ఇంకో రోజు.

తర్వాత తెర మీద ఒక గడి రంగు మారింది.

బెంగళూరు నుంచి తిరుపతి. ఒక్క సీటు. కొన్నది ఒక మహిళ. ఇన్ఫోసిస్ ఉద్యోగి. వాళ్ల స్నేహితురాలు కాదు, చుట్టం కాదు. వాళ్ల మొహం చూసి మొహమాటానికి కొన్న మనిషి అసలే కాదు. ఎక్కడో ఒక కంప్యూటరు ముందు కూర్చుని, ఈ పేరూ ఊరూ తెలియని సైటులో గళ్లు చూసి, తనకు కావలసిన గడి నొక్కి, డబ్బు కట్టింది. ఏడుగురు స్నేహితులు, సలహాదారులు, తల అడ్డంగా ఊపిన ఆపరేటర్లు, అందరూ చెప్పినదానికన్నా ఆ ఒక్క నొక్కు గట్టిగా చెప్పింది.

సంతోషపడాల్సిన క్షణం. కడుపులో మాత్రం వేరే భయం మొదలవుతుంది.

ఎందుకంటే ఆ సీటు ఉన్నది తెర మీద. బస్సు ఉన్నది రోడ్డు మీద. రాత్రి పూట, బ్యాగు పట్టుకుని, ఒక ఆడమనిషి బస్సు దగ్గరకు వెళ్తుంది. ఆ సీట్లో ఇంకెవరో కూర్చుని ఉంటే? ఎవరో ఏజెంటు అదే సీటు ఫోన్లో అమ్మేసి ఉంటే? క్లీనర్ ఆమె చేతిలో కాగితం తిప్పి తిప్పి చూసి, రెడ్‌బస్సా, అదెవరు అంటే? నెలల తరబడి రాసిన కోడ్ ఆ మెట్టు దగ్గర ఎవరికీ అక్కరకు రాదు. అక్కడ చెల్లేది క్లీనర్ చేతిలో ఉన్నదొక్కటే.

ఆ చేతిలో ఉన్నది చార్టు.

ఆపరేటర్‌కు కంప్యూటరు లేదు. సైటు ఆయన బల్లదాకా చేరలేదు. బస్సులన్నీ, సీట్లన్నీ ఒక్క తెర మీదకు తెస్తామని బయల్దేరినవాళ్లు తమ మొదటి ప్రయాణికురాలి పేరును ఆయనకు అందించాల్సిన దారి ఇంకా పాతదే. ఏజెంట్లందరూ చేసే ఫోనే. టేబుల్ ఫ్యాను కింద, పేపర్‌వెయిట్ పక్కన, గళ్ల కాగితం మీద ఆయన బాల్‌పాయింట్ పెన్ను ఆగింది.

"పేరు చెప్పండి, రాసుకుంటా."